పార్టీకి పగ్గం ఎవరి చేతిలో?

1967 డిసెంబరులో లోక్‌సభ ఒక అనధికార తీర్మానాన్ని ఆమోదించింది. ప్రతిపాదించింది కాంగ్రెస్ ఎంపీ, కర్నూలు జిల్లా నాయకుడు పెండేకంటి వెంకటసుబ్బయ్య. చీటికీమాటికీ పార్టీలు మారే శాసనసభ్యుల సంగతి తేల్చడానికి ఉన్నతస్థాయి సంఘం వేయాలన్నది దాని సారాంశం. ఆ ఏడాది దేశంలో జరుగుతున్నది చూసినవారెవరికీ ఆ కోరిక వింతగా తోచి ఉండదు.

హర్యానాలో హసన్‌పూర్ నుంచి స్వతంత్రుడిగా గెలిచిన గయాలాల్ మొదట కాంగ్రెస్‌లో చేరారు. అక్కణ్నుంచి యునైటెడ్ ఫ్రంట్‌లోకి దూకారు. మళ్లీ కాంగ్రెస్‌కి వచ్చారు, తొమ్మిది గంటలు తిరక్కముందే తిరిగి ఫ్రంట్‌లో తేలారు. పక్షం రోజుల్లో మూడు దూకుళ్లు! ఫ్రంట్ నేత రావు బీరేంద్ర సింగ్ ఆయన్ని చండీగఢ్‌లో విలేకరుల ముందుకు తెచ్చి, గయారాం కాస్తా ఆయారాం అయ్యాడని చమత్కరించారు. ఆ ముక్క అప్పట్నుంచి దేశమంతా చలామణీ అవుతోంది.

తీర్మానం ఫలితంగా కేంద్ర హోంమంత్రి వై.బి.చవాన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం లెక్కలు తీసింది. 1967 ఎన్నికల తర్వాత ఒక్క ఏడాదిలోనే 438 ఫిరాయింపులు. రాష్ట్రాల్లో పార్టీ మారిన 210 మంది శాసనసభ్యుల్లో 116 మందికి మంత్రి పదవులు. సిద్ధాంతం నచ్చక వెళ్లారా, కుర్చీ నచ్చి వెళ్లారా అన్న ప్రశ్నకు ఈ రెండో అంకెను మించిన జవాబు అక్కర్లేదు.

ఆ సంఘం సభ్యుల్లో ఒక పేరు చూస్తే మాత్రం ఆశ్చర్యం వేస్తుంది: జయప్రకాశ్ నారాయణ్. ప్రజాస్వామ్యానికి పార్టీలే వద్దన్న మనిషి, పార్టీ మారేవారిని ఎలా ఆపాలో తేల్చే సంఘంలో కూర్చున్నారు.

పార్టీలే వద్దనుకున్నవారు

పార్టీల మీద అనుమానం మన జాతీయోద్యమంలోనే ఉంది. హత్యకు ముందురోజు, 1948 జనవరి 29న, గాంధీజీ రాసిన ముసాయిదా కాంగ్రెస్‌ను రద్దుచేసి లోక్ సేవక్ సంఘ్‌గా మార్చమని చెప్పింది. అదే ఏడాది చివర్లో ఎం.ఎన్.రాయ్ తన రాడికల్ డెమోక్రటిక్ పార్టీని తానే రద్దు చేసుకున్నారు. ఆంధ్రలో ఆ పార్టీకి కార్యదర్శిగా పనిచేసినవారు నవలాకారుడు త్రిపురనేని గోపీచంద్. జేపీ 1957లో ప్రజా సోషలిస్టు పార్టీని వదిలేసి, రెండేళ్లకు గ్రామం పునాదిగా పార్టీల్లేని పాలన ఎలా ఉండాలో పుస్తకం రాశారు.

వీళ్ల అభియోగం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. అభ్యర్థిని ఓటరు కాదు, పార్టీ ఆఫీసు ఎంచుతుంది. గెలిచినవాడు నియోజకవర్గం వైపు కాక అధినేత వైపు చూస్తాడు. ఎన్నికల పుణ్యమా అని ఊరు రెండు ముక్కలవుతుంది. ఇందులో అబద్ధం ఏముంది?

అయితే పార్టీ గుర్తు తీసేస్తే ఏమవుతుందో మన పల్లెల్లో చూస్తూనే ఉన్నాం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సర్పంచ్ ఎన్నిక చట్టప్రకారం పార్టీలతో నిమిత్తం లేనిదే. బ్యాలెట్ మీద ఉంగరం, కత్తెర లాంటి గుర్తులుంటాయి తప్ప ఏ పార్టీ గుర్తూ ఉండదు. కానీ ఓట్ల లెక్కింపు ముగిసిన రాత్రే ఏ పార్టీ ‘బలపరిచిన’ అభ్యర్థులు ఎన్ని చోట్ల గెలిచారో టీవీల్లో పట్టిక వచ్చేస్తుంది. గెలిచిన సర్పంచ్ మెళ్లో తెల్లారేసరికి కండువా పడుతుంది. కొన్ని ఊళ్లలో ఏకగ్రీవం పేరిట పదవినే వేలం వేసి, గుడికి ఎక్కువ రాసిచ్చినవారికి కట్టబెట్టిన వార్తలూ చదువుతున్నాం. పార్టీ పక్కకు తప్పుకున్న చోట కులమో డబ్బో వచ్చి కూర్చుంటుంది. వాటిని ఓడించే ఎన్నిక మళ్లీ రాదు.

జేపీకి కూడా ఇది అనుభవంలోకి వచ్చింది. ఎమర్జెన్సీ చివర్లో, 1977లో ఇందిరాగాంధీని ఓడించడానికి ఆయన నాలుగు పార్టీలను ఒక్కటిచేసి జనతా పార్టీకి అండగా నిలబడాల్సి వచ్చింది. ఆ కొత్త పార్టీ ఎన్నికలకు వెళ్లింది భారతీయ లోక్‌దళ్ గుర్తు మీద.

గుర్తు చేసిన మేలు

పార్టీ గుర్తు విలువేమిటో 1951-52 తొలి సార్వత్రిక ఎన్నికల్లోనే తేలింది. ఓటర్లలో అత్యధికులకు చదువు రాదు. అందుకే ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టించారు. పెట్టె మీద గుర్తు అంటించి ఉంటుంది: కాంగ్రెస్‌కు కాడెద్దులు, సోషలిస్టులకు చెట్టు, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీకి గుడిసె, కమ్యూనిస్టులకు కంకి కొడవలి. ఓటరు కాగితాన్ని తనకు నచ్చిన పెట్టెలో వేసి రావడమే. అభ్యర్థి మొహం చూడని మనిషి కూడా తన ఓటు ఎటు పోతోందో ఎరిగి వేశాడంటే కారణం ఆ బొమ్మ, దాని వెనకున్న పార్టీ.

ఆ తీర్పును పార్టీలు ఎంతవరకు మన్నించాయన్నది వేరే కథ. 1952లో మద్రాసు శాసనసభలోని 375 స్థానాల్లో కాంగ్రెస్‌కు వచ్చినవి 152. ప్రతిపక్షాలు ఏకమై టంగుటూరి ప్రకాశం పంతులును నాయకుడిగా ఎన్నుకున్నాయి. గవర్నర్ శ్రీప్రకాశ మాత్రం ఎన్నికల్లో నిలబడనే నిలబడని రాజాజీని మండలికి నామినేట్ చేసి, ప్రభుత్వం ఏర్పాటుకు పిలిచారు. చిన్న పార్టీల నుంచీ స్వతంత్రుల నుంచీ మనుషులు వచ్చి చేరారు, మెజారిటీ సమకూరింది. మరుసటి ఏడాది ప్రకాశం గారే తన పార్టీని వదిలి కాంగ్రెస్ మద్దతుతో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ప్రభుత్వం 1954 నవంబరులో మద్యనిషేధం వివాదంలో ఒక్క ఓటు తేడాతో కూలింది. గోడ దూకడం గయాలాల్ కనిపెట్టిన విద్యేమీ కాదు.

ఆగస్టు సంక్షోభం

తెలుగువారికి ఈ పాఠం పూర్తిగా తలకెక్కింది 1984లో. రెండేళ్లు నిండా నిండని తెలుగుదేశం ప్రభుత్వాన్ని ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ బర్తరఫ్ చేసి, ఆ పార్టీ నుంచే చీలిన నాదెండ్ల భాస్కరరావు చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగొచ్చిన ఎన్టీఆర్ చక్రాల కుర్చీలో రాష్ట్రపతి భవన్‌కు వెళ్లి తన ఎమ్మెల్యేలను లెక్క చూపించారు. ఆ ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి కర్ణాటకలో క్యాంపు పెట్టారు. రాష్ట్రమంతా జనం రోడ్డెక్కారు. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

జనం రోడ్డెక్కింది తమ ఊరి ఎమ్మెల్యే కోసం కాదు, తాము గెలిపించిన పార్టీ కోసం. అదే సమయంలో గెలిచిన పార్టీ తన సభ్యులను తాళం వేసి దాచుకోవాల్సి వచ్చింది. పార్టీ బలమూ బలహీనతా ఆ నెల రోజుల్లోనే కళ్లకు కట్టాయి.

చట్టం వచ్చింది, సగమే

1950 నాటి రాజ్యాంగంలో రాజకీయ పార్టీల ప్రస్తావన లేదు. అవి అందులోకి అడుగుపెట్టింది 35 ఏళ్ల తర్వాత, 52వ సవరణ తెచ్చిన పదో షెడ్యూల్ ద్వారా. రాజీవ్ గాంధీ ప్రభుత్వం తెచ్చిన ఆ బిల్లును లోక్‌సభ ఆమోదించిన రోజు 1985 జనవరి 30, కాంగ్రెస్‌ను రద్దు చేయమన్న గాంధీజీ వర్ధంతి.

సొంతపార్టీని వదిలినా, విప్‌ను ధిక్కరించి ఓటేసినా సభ్యత్వం పోతుందని ఆ చట్టం చెప్పింది. మూడోవంతు మంది ఒకేసారి చీలిపోతే మాత్రం తప్పులేదంది. ఒంటరిగా దూకితే నేరం, గుంపుగా దూకితే సిద్ధాంతం! 2003లో 91వ సవరణ చీలిక వెసులుబాటు తీసేసి, మంత్రుల సంఖ్యకు 15 శాతం పరిమితి పెట్టింది. మూడింట రెండొంతుల ‘విలీనం’ మాత్రం మిగిలింది. తీర్పరి స్పీకర్, అంటే సాధారణంగా పాలకపక్షం మనిషి.

ఫలితం మన ఎదుటే ఉంది. 2014-19 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైఎస్సార్‌సీపీ ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్లారు, నలుగురు మంత్రులయ్యారు. 2019లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో సరిగ్గా 12 మంది టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారు. తర్వాత అదే కాంగ్రెస్ అధికారంలోకి వచ్చాక బీఆర్‌ఎస్‌గా మారిన టీఆర్‌ఎస్ నుంచి పదిమంది వచ్చి చేరారని దుమారం రేగింది. మూడు నెలల్లో తేల్చమని 2025 జులైలో సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది.

దూకాలనుకున్నవాణ్ని ఈ చట్టం ఆపలేకపోయింది. పార్టీలోనే ఉండి ఒక బిల్లు తప్పనేవాడి నోరు మాత్రం గట్టిగా కట్టేసింది. 2003లో ఇరాక్ యుద్ధంపై బ్రిటన్‌లో 139 మంది లేబర్ ఎంపీలు సొంత ప్రభుత్వానికి ఎదురు ఓటేశారు. ఒక్కరి సీటూ పోలేదు. ఇక్కడైతే విప్ ధిక్కరించినందుకు అనర్హత పిటిషన్లు పడేవి. విప్‌ను విశ్వాస పరీక్షకే పరిమితం చేయమని 1990లోనే దినేశ్ గోస్వామి కమిటీ సూచించింది. పార్టీల్లో అంతర్గత ప్రజాస్వామ్యం తప్పనిసరి చేయాలని 1999లో లా కమిషన్ కోరింది. రెండూ కాగితాల్లోనే ఉన్నాయి.

జర్మనీ వేరే దారి పట్టింది. 1933 జులై 14న నాజీలు తమది తప్ప మిగతా పార్టీలన్నిటినీ చట్టం చేసి నిషేధించారు. వేరే పార్టీల్లేని రాజ్యం ఎక్కడికి చేరుతుందో చవిచూసిన ఆ దేశం 1949 రాజ్యాంగంలో రెండు మాటలు రాసుకుంది: పార్టీ లోపలి వ్యవహారం ప్రజాస్వామ్యబద్ధంగా ఉండాలి, సభ్యుడు తన మనస్సాక్షికే బద్ధుడు.

మనం రాసుకున్నది ఒక్క మాటే, సభ్యుడు పార్టీకి బద్ధుడని. పార్టీ ఎవరికి బద్ధమో రాయడం మరిచాం. ఎమ్మెల్యే అభ్యర్థిగా పార్టీ బీ-ఫారం ఎవరికి ఇవ్వాలో ఆ నియోజకవర్గంలో జెండా మోసిన కార్యకర్తకు ఓటు లేదు. అధినేత నియమించిన మనిషి సంతకం ఉంటే చాలు. పార్టీలు ప్రజాస్వామ్యానికి మేలా కీడా అని తర్కించుకునే ముందు, ఆ బీ-ఫారం మీద కార్యకర్త మాట చెల్లేలా ఒక చట్టం అడుగుదాం. ఆ పనికి తీర్మానం పెట్టడానికి లోక్‌సభలో మరో వెంకటసుబ్బయ్య లేవాలి.