హాలీ – కల్దార్: ఉత్తర తెలంగాణలో రెండు రూపాయల మారకం

హైదరాబాదు సంస్థానానికి సొంత నాణెం ఉండేది. బ్రిటిష్ ఇండియా రూపాయి దానికి పొరుగు నాణెం. రెండింటి పేరూ రూపాయే, రెండింటికీ పదహారు అణాలే. విలువ మాత్రం ఒకటి కాదు. అందువల్ల నాటి తెలంగాణ పత్రాల్లో, స్వీయచరిత్రల్లో, కథా సాహిత్యంలో కనిపించే ‘రూపాయి’ ఏ రూపాయి అన్నది తేలనిదే అప్పు, శిస్తు, కూలి ఎంతో నిర్ణయించలేము. ఈ మారకపు రేటు ఎలా ఏర్పడింది, ఏ కారణాల వల్ల దాని స్వభావం మారింది అన్న అంశాలను కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

సరిహద్దు స్వరూపం

1905కు ముందు కరీంనగర్ ప్రాంతం ఎలగందుల జిల్లాగా, ఆదిలాబాదు ప్రాంతం సిర్పూరు తాండూరుగా వ్యవహారంలో ఉండేవి. ఈ రెండూ సంస్థానపు ఈశాన్యపు అంచులు. పెన్‌గంగ అవతల బేరార్, ప్రాణహిత అవతల చాందా. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే సిరోంచ. ఆ ఒడ్డున చెల్లేది బ్రిటిష్ రూపాయి, ఈ ఒడ్డున సర్కారు లెక్క హాలీలో. 1853లో బ్రిటిషువారి అధీనంలోకి వెళ్లిన బేరార్‌ను 1902 ఒప్పందం ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుగా మార్చింది. 1929లో కాజీపేట – బల్లార్షా రైలుమార్గం పూర్తికావడంతో పెద్దపల్లి, మంచిర్యాల ఊళ్లు మద్రాసు – ఢిల్లీ దారిలోకి వచ్చాయి. నది హద్దుగా ఉన్న రెండు ద్రవ్యాల మధ్య రాకపోకలు దీనితో మరింత సులభమయ్యాయి.

పేర్ల వెనుక చరిత్ర

‘సిక్కా’ అరబ్బీ పదం. నాణెంపై వేసే ముద్ర దాని మూలార్థం. ‘హాలీ’ అంటే ప్రస్తుతం నడుస్తున్నది. కనుక హాలీ సిక్కా అంటే ‘ఇప్పుడు చెల్లే నాణెం’. మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో (1911–1948) దానికి ఉస్మానియా సిక్కా అన్న పేరు స్థిరపడింది. ‘కల్’ అంటే యంత్రం. యంత్రంపై అచ్చైన బ్రిటిష్ రూపాయి ‘కల్దార్’ అయింది. 20వ శతాబ్ది తొలి ఏళ్లలో చార్మినార్ బొమ్మతో హాలీ నాణెం కూడా యంత్రంపైనే ముద్రితమైంది. అయినా కల్దార్ అన్న పేరు బ్రిటిష్ రూపాయికే నిలిచిపోవడం గమనార్హం. పదం తన తొలి అర్థాన్ని వదిలి, పొరుగు ప్రభుత్వపు నాణేనికి గుర్తుగా మిగిలింది.

లోహం నుంచి శాసనం వరకు

స్థిరపడిన రేటు ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ. ఇక్కడ అణాకు 12 పైసలు. ఈ విచిత్రమైన అంకె వెనుక వెండి లెక్క ఉంది. కల్దార్ బరువు సుమారు 11.66 గ్రాములు, అందులో 12 పాళ్లకు 11 పాళ్లు వెండి. చార్మినార్ రూపాయి సుమారు 11.18 గ్రాములు, అందులో నూటికి దాదాపు 82 పాళ్లు వెండి. మొదటిదానిలో సుమారు 10.69 గ్రాముల శుద్ధమైన వెండి ఉంటే, రెండవదానిలో 9.14 గ్రాములు. ఆ నిష్పత్తి ప్రకారం నూరు కల్దార్లకు దాదాపు 117 హాలీలు రావాలి. వెండితీగ పనికి పేరుపొందిన కరీంనగర్ కంసాలి త్రాసుకూ, సర్కారు ఖజానా పట్టికకూ మధ్య తేడా స్వల్పమే.

అయితే కల్దార్ విలువ అప్పటికే వెండి మీద పూర్తిగా ఆధారపడినది కాదు. 1893లో బ్రిటిష్ ఇండియా టంకశాలలు ప్రజల వెండిని స్వేచ్ఛగా నాణేలుగా ముద్రించడం మానివేశాయి. ఆ తరువాత రూపాయి పౌండుతో ముడిపడింది. ఒక రూపాయి 16 పెన్నీలుగా ఉన్న రోజుల్లో పౌండుకు 15 కల్దార్లు, అంటే 17 రూపాయల 8 అణాల హాలీ. 1927లో రూపాయిని 18 పెన్నీలుగా నిర్ణయించాక, పౌండుకు వచ్చేది 15 రూపాయల 9 అణాలకు కొంచెం తక్కువ హాలీ. బొంబాయి వ్యాపారవర్గాలు ఈ రేటును తీవ్రంగా వ్యతిరేకించాయి. విదేశీ ధర మారకుండా ఉన్నా, ఎగుమతి సరుకుకు చేతికందే రూపాయలు తగ్గడమే అందుకు కారణం. హాలీ కల్దార్‌తో కట్టుబడి ఉన్నందున, ఆ నిర్ణయంలో పాలుపంచుకోని ఆదిలాబాదు పత్తిరైతు కూడా దాని పరిధిలోకి వచ్చాడు. సొంత నాణెం ఉండటం వేరు, దాని విలువపై స్వాధికారం ఉండటం వేరు.

విలీనం తరువాత

1918 నుంచి కాగితపు నోట్లు, 1942లో పని ప్రారంభించిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు ఉస్మానియా సిక్కాను ఆధునిక ద్రవ్యవ్యవస్థగా నిలిపాయి. 1948లో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1950లో ఆర్థిక విలీనంతో భారత రూపాయి అధికారిక ద్రవ్యమైనా, హాలీ 1959 వరకు చలామణిలో ఉంది. మారకం అదే ఏడుకు ఆరు. 1957లో దశాంశ పద్ధతి రావడంతో హాలీ రూపాయికి దాదాపు 86 నయాపైసలు. ఈ లెక్కలో 70 హాలీల జీతం 60 రూపాయలవుతుంది. విలువలో నష్టం లేదు. కానీ అంగడిలో ఏడు హాలీల సరుకు ధర ఆరు రూపాయలకు దిగకుండా ఏడుగానే నిలిస్తే, కొనేవాడికి ఆ మేరకు నష్టం. మారకపు న్యాయం ఖజానా పట్టికతోనే పూర్తి కాదు. అది దుకాణం ముందు తేలవలసినది.

ముగింపు

ఒక రుణపత్రంలో 350 రూపాయలని ఉన్నదనుకుంటే, అవి హాలీ అయితే 300 కల్దార్లు. కల్దార్ అయితే 408 రూపాయల 5 అణాల 4 పైసల హాలీ. పాఠకుడు ఏ రూపాయిని ఊహించాడన్నదాన్ని బట్టి రైతు అప్పు పెరుగుతుంది, తగ్గుతుంది. ఫసలీ సంవత్సరానికి 590 కలిపి క్రీస్తుశకాన్ని లెక్కించే అలవాటు పరిశోధకులకు ఉన్నది. సొమ్ము విషయంలోనూ అంతటి జాగ్రత్త అవసరం. తెలంగాణ జీవనచిత్రణ గల రచనలను పరిష్కరించి ప్రచురించేవారు, రచనలోని ఆధారాలు అనుమతించిన మేరకు, ప్రతి మొత్తం పక్కన హాలీయో కల్దారో సూచించడం మేలు. ఆధారం లేనిచోట రెండు విలువలనూ చూపవచ్చు. అప్పుడే ఆ రచనల్లోని పేదరికానికీ సంపదకూ వాటి అసలు కొలత దక్కుతుంది.