రన్‌వే మీద కార్ల పందేలు

మంగళ్ పాండే తుపాకి పేలిన ఊరుగా బారక్‌పూర్ మనకు తెలుసు. కలకత్తాకు ఉత్తరాన ఉన్న ఆ ఊళ్లోనే, 1960లలో విమానాల రన్‌వే మీద కార్ల పందేలు జరిగేవి. మద్రాసు పందేలకు షోలవరం రన్‌వే ఎలాగో, కలకత్తాకు బారక్‌పూర్ అలాగ.

హుగ్లీ ఆవలి గట్టున, ఉత్తరపారాలో అంబాసిడర్లు తయారయ్యేవి. మన పందేల్లో ఆ కార్లు, ఫియట్లు చిన్నచిన్న మార్పులతో బరిలోకి దిగేవి.

రన్‌వే మీద సూటిగా దూసుకుపోవడం తేలిక. ప్రమాదమంతా మలుపులోనే. అక్కడ హఠాత్తుగా బ్రేకు తొక్కితే బరువంతా ముందుకు ఒరుగుతుంది, వెనక టైర్లు పట్టు వదిలేస్తాయి, బండి గిర్రున తిరుగుతుంది. అందుకే మలుపుకు ముందే వేగం తగ్గించాలి.

మద్రాసు పందేలకు 1990లో ఇరుంగట్టుకోట్టైలో శాశ్వత ట్రాక్ దొరికింది. కోల్‌కతాకు అలాంటిది దక్కలేదు. అయినా వేగం మీద మోజున్నవారు ఊరి రోడ్లను వదిలేయండి. ట్రాక్ ఉన్న చోటికి వెళ్లి, హెల్మెట్ పెట్టుకుని దాని మీదే ఆ ముచ్చట తీర్చుకోండి.