ఈసీ వాగు నీటిమట్టము: వానయు, నేలయు

రాజుల చరిత్రకు శాసనములు గలవు. గ్రామముల చరిత్రకు కైఫీయతులు గలవు. మహానదులకు పురాణములే గలవు. కాని వానకాలమున నాలుగు నెలలు పాఱి, వేసవిలో ఇసుకను మిగిల్చి పోవు చిన్న వాగులకు చరిత్ర వ్రాయువారు అరుదు. వానికి మిగులునది నీటిమట్టమును చూపు కొలబద్దయు, దాని ప్రక్కన ఎవరో ఉద్యోగి నింపిన పట్టికయు మాత్రమే.

ఆ పట్టికలో సాధారణముగా రెండు గళ్ళుండును. మొదటి గడిలో కురిసిన వాన. రెండవ గడిలో నిలిచిన నీటిమట్టము. వాన హెచ్చినచో నీరు హెచ్చును, వాన తగ్గినచో నీరు తగ్గును అనునది మనకందఱకు తోచు న్యాయము. దస్త్రములతో కాలము గడపిన నావంటివానికి ఈ న్యాయము చాలకాలము సంతృప్తికరముగనే యుండెను. కాని హైదరాబాదు నగరమునకు పడమట, నైరుతి దిక్కుల నుండి వచ్చు మూసీ, ఈసీల గత నూటపదునేడు సంవత్సరముల చరిత్రను పరిశీలించినపుడు, ఆ రెండు గళ్ళ నడుమ మూడవ గడి యొకటి ఉండవలసినదని స్పష్టమగుచున్నది. ఆ వాన ఏ స్థితిలోనున్న నేలపై పడినది అనునదే ఆ మూడవ గడి.

వికారాబాదు ప్రాంతపు అనంతగిరి కొండలలో మూసీ పుట్టి తూర్పునకు పాఱును. దానికి దక్షిణముగా షాబాదు, శంషాబాదు పరిసరముల పల్లెల నీటిని కూర్చుకొని ఈసీ వచ్చును. ఈ రెండును నగరపు అంచున లంగర్‌హౌజ్ వద్ద కలియును. 1948లో గాంధీమహాత్ముని చితాభస్మమును కలిపిన సంగమ మదియే. ఇది రాతి నేల. పైన కొద్దిపాటి మట్టి, దాని క్రింద శిథిలమైన రాయి, అటుపైన గట్టి నల్లరాయి. ఇటువంటి నేల తనలో దాచుకొనగల నీరు స్వల్పము. కనుకనే ఈ ప్రాంతపు పూర్వులు నేల చేయలేని పనిని చెరువులచే చేయించిరి. పై చెరువు అలుగు పాఱి క్రింది చెరువునకు, దాని అలుగు ఆ దిగువ కుంటకు నీరందించు గొలుసుకట్టు పద్ధతి అది. తూము తెఱచుటకు, కట్టను కనిపెట్టుటకు ఊరూర నీరటి యుండెడివాడు. వాన పడిన వెంటనే నీరు వాగులోనికి దూకక, చెరువు చెరువున కొంతసేపు నిలిచి, మెల్లగా దిగివచ్చెడిది.

ఈ ఏర్పాటునకు పరీక్ష 1908 సెప్టెంబరు మాసమున వచ్చినది. శంషాబాదులో ఇరువదినాలుగు గంటలలో 12.8 అంగుళములు, నలువదియెనిమిది గంటలలో 18.9 అంగుళములు వాన కురిసినది. ఆ ప్రాంతపు సగటు సంవత్సర వర్షము ముప్పది అంగుళములకు మించదు. అనగా సంవత్సర వర్షములో సగమునకు పైబడిన నీరు రెండు దినములలో దిగినది. సెప్టెంబరు 28, సోమవారము నాడు మూసీ నగరముపై పడినది. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు భగ్నమైనవి. కుతుబ్‌షాహీల కాలమున 1578లో కట్టిన పురానాపూల్ నిలిచినది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి రోగులతో కూడ ప్రవాహమున పోయినది. మరణించినవారు పదునైదు వేలవఱకు ఉందురని అంచనా. ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు కొమ్మల నాశ్రయించి నూట ఏబదిమంది బ్రతికిరి. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి తోటలో నున్నది.

ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము, ఇట్టి ఉపద్రవము మరల రాకుండ మార్గము సూచింపుమని మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించినది. ఆయన 1909లో హైదరాబాదు వచ్చి, అదే సంవత్సరము తన నివేదికను సమర్పించిరి. ఆయన నగరములో కూర్చుండి నగరమును మాత్రమే చూడలేదు. ఎగువన 862 చదరపు మైళ్ళ పరీవాహక ప్రాంతమును లెక్కించిరి. అందు 788 చెరువులుండెను. సుమారుగా చదరపు మైలునకు ఒక చెరువు. వానిలో 221 చెరువులు తెగిపోయినవి. ఈసీ వైపున 182, మూసీ వైపున 39. వరద ఉచ్చస్థితిలో నగరము ప్రక్కన పాఱిన నీరు సెకనుకు 4,25,000 ఘనపుటడుగులు.

ఈ అంకెలలో మన మూడవ గడి దాగియున్నది. తెగిన చెరువులలో అయిదింట నాలుగు వంతులు ఈసీ వైపునవే. అటువంటి వాన ఏ ఏర్పాటునకైనను కఠిన పరీక్షయే. కాని నిలిచిన చెరువు వరదను ఆపును; తెగిన చెరువు తాను ఆపిన నీటినంతయు ఒక్కసారిగా క్రింది చెరువుపై త్రోయును. ఆ చెరువు తెగిన ఆ రెండింటి నీరు మూడవదానిపై పడును. ఆకాశము నుండి రెండు దినములలో వచ్చిన నీరు వాగులోనికి కొద్ది గంటలలో వచ్చుటకు కారణము ఇదియే. ఒకే గొలుసు రక్షణయు కాగలదు, ప్రమాదమును కాగలదు. ఏది యగునో కట్టల బలమును బట్టియు, వానిని కనిపెట్టు మనుష్యులను బట్టియు ఉండును.

విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఎగువన రెండు జలాశయములు వెలసినవి. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. వరద నాపుటయే గాక, నగరమునకు త్రాగునీరిచ్చుటయు వీని కర్తవ్యమైనది. వీని నీటి నిలువ క్రమముగా 3.9, 2.97 టి.ఎం.సి.లు, మొత్తము సుమారు 6.9. ఇక్కడ చిన్న గణితము చేయుదము. ఒక చదరపు మైలు నేలపై ఒక అంగుళము నీరు నిలిచిన అది 23 లక్షల ఘనపుటడుగులకు పైబడును. 862 చదరపు మైళ్ళపై ఒక అంగుళమనగా రెండు టి.ఎం.సి.లు. కనుక పరీవాహకము నుండి మూడున్నర అంగుళముల నీరు జాఱి వచ్చినచో, ఎండియున్న రెండు జలాశయములును పూర్తిగా నిండిపోవును. 1908 నాటి ఉచ్చప్రవాహమే ఎడతెగక సాగినదనుకొన్నచో అందులకు నాలుగున్నర గంటలు చాలును. అట్లు ఉచ్చస్థితి అంతసేపు నిలువదను మాట నిజమే. అయినను పడిన వానలో నేల తనలో నిలుపుకొనునది ఎన్ని అంగుళములు అను ప్రశ్న ఎంత ముఖ్యమైనదో ఈ లెక్క చెప్పుచున్నది.

పిమ్మట జరిగిన కథ విచిత్రమైనది. వరద భయముతో కట్టిన జలాశయములు నీటి కొఱకు ఎదురుచూడసాగినవి. 1980 తరువాతి దశాబ్దముల లెక్కలను పరిశీలించిన జలశాస్త్రజ్ఞులు, హిమాయత్‌సాగర్ పరీవాహకమున వానలో చెప్పుకోదగిన క్షీణత లేకున్నను, జలాశయమునకు చేరు నీరు మాత్రము గణనీయముగా తగ్గినదని గుర్తించిరి. మొదటి గడి మాఱలేదు; రెండవ గడి మాఱినది. కారణము నేలమీదనే యున్నది. మోటబావులు పోయి బోరుబావులు వచ్చినవి. భూగర్భజలము లోతునకు దిగినది. వానలు వెనుకబట్టిన తరువాత గూడ ఒడ్డుల నుండి ఊరి వాగును కొన్నాళ్ళు పాఱించెడి ఊటనీరు ఆగిపోయినది. వాగుపైనను, దాని పిల్లకాలువలపైనను చిన్న చిన్న అడ్డుకట్టలు, ఇంకుడు చెరువులు వెలసినవి. ఎండిన నేల పీల్చగా మిగిలిన మొదటి వానల నీరు వాగు దిగువకు చేరకమునుపే నిలిచిపోయెను.

ఇందు ఎవరిని నిందింపవలెను? ఆ నీరు అపహరింపబడలేదు, స్థానము మాఱినది. జలాశయమునకు రావలసినది రైతు పొలమునకు చేరినది. పొలము పండుటయు దేశక్షేమమే. కాని పల్లెలో బోరునకు అనుమతి నొక శాఖయు, అడ్డుకట్టకు నిధుల నొక శాఖయు, నగరమునకు త్రాగునీటిని వేఱొక శాఖయు చూచుచుండగా, ఈ మూడు దస్త్రములును ఒక బల్లపై ఎన్నడైన కలిసినవా అను సందేహము నావంటి ఉద్యోగికి కలుగక మానదు. 2016 వేసవి నాటికి ఆ రెండు సాగరములును దాదాపు ఎండిపోయినవి.

నేలను గుఱించిన ఆలోచన ప్రభుత్వమునకు లేకపోలేదు. 1996 మార్చి 8న వెలువడిన 111వ ఉత్తర్వు, ఈ జలాశయముల పూర్ణమట్టము నుండి పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామములలో నిర్మాణములను కట్టుదిట్టముగా నియంత్రించినది. తరువాత కొన్ని సంవత్సరములకు, ఆ పరిసరమున నెలకొల్పదలచిన యొక నూనె పరిశ్రమ విషయమున సుప్రీంకోర్టు త్రాగునీటి రక్షణ పక్షముననే తీర్పు చెప్పినది. కాని నగరము పెరుగుచునే యున్నది. 1908లో ఆ మహావర్షమును కొలిచిన శంషాబాదునందే 2008లో అంతర్జాతీయ విమానాశ్రయము ప్రారంభమైనది. 2022 ఏప్రిల్‌లో 111వ ఉత్తర్వు నియమములను తొలగించుచు మఱియొక ఉత్తర్వు వెలువడినది. ఆ పల్లెల రైతులు ఇరువదియైదేండ్లుగా తమ భూమికి ధర రాలేదని మొఱపెట్టుకొనుట అబద్ధము కాదు. నగరమునకు నీరు నిలుపు భారమును ఆ పల్లెలు మోసినవి. అందుకు వారికి ముట్టిన ప్రతిఫలము స్వల్పము. ఈ న్యాయాన్యాయముల విచారణ లేని రక్షణ చిరకాలము నిలువదు.

నీరు తగ్గినదన్న వరద భయము తీరినదని గదా అనుకొందుము. ఇక్కడనే మన సామాన్య న్యాయము రెండవమాఱు తప్పుచున్నది. 2000 ఆగస్టున బేగంపేటలో ఒక్క దినమున 24 సెంటీమీటర్ల వాన కురిసి నగరమున అనేక ప్రాంతములు మునిగినవి. 2020 అక్టోబరు 13, 14 తేదీల వాన బేగంపేటలో సుమారు 19 సెంటీమీటర్లు. 1908లో శంషాబాదునందు ఒక దినమున కురిసినది 32 సెంటీమీటర్లకు పైమాట అని జ్ఞాపకముంచుకొనవలెను. అయినను 2020లో కాలనీలు కాలనీలే దినముల తరబడి నీటిలో నున్నవి. బాలాపూర్ వద్ద గుఱ్ఱంచెరువు కట్ట తెగినది. పదేండ్లుగా మూసియున్న హిమాయత్‌సాగర్ గేట్లను ఆ మాసముననే ఎత్తవలసివచ్చినది. 2025 సెప్టెంబరు చివరివారమున, 1908 నాటి తిథికి ఒకటి రెండు దినముల ముందు, జలాశయముల నుండి విడిచిన నీటితో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్సు స్టేషను ఆవరణను ముంచినది.

ఇందు వైరుధ్యము లేదు. పొలములు, చెరువులు, బోరులు నిండిన ఎగువ నేల చిన్న వానలను మ్రింగివేయును. కనుక సామాన్య సంవత్సరములలో వాగు ఎండును. కాని మహావర్షమున మొదటి కొద్ది గంటలలోనే నేల తడిసి, అడ్డుకట్టలు నిండి, ఇంక పీల్చుటకు ఏమియు మిగులదు. అప్పుడు సిమెంటు కప్పిన దిగువ నేల ఒక్క బొట్టునైనను ఆపదు. వరదకాలువలపై గోడలు లేచియుండుటచే నీటికి దారియుండదు. ఎండిన వాగును చూచి నలువదేండ్లు ధైర్యముగా ముందుకు జరిగిన ఇండ్లు దాని గర్భముననే యుండును. అనగా నేల మాఱుటచే వాగు కరవున మఱింత కృశించును, వరదలో మఱింత పొంగును. ఎండిన సంవత్సరముల ధైర్యమే వరద సంవత్సరపు విపత్తునకు మూలము.

ఇది మనకు దూరపు సంగతి కాదు. రాజధానిలో కొలువుచేయుచున్న మనలో అనేకులకు పదవీవిరమణానంతరము హైదరాబాదు పరిసరమున ఒక ఇంటిస్థలము కొనవలెనను కోరిక కలదు. నాకును కలదు. కొన్నేండ్ల క్రిందట సెలవుపై వెళ్ళినపుడు ఒక మధ్యవర్తి నాకు చదునైన చక్కని స్థలమొకటి చూపెను. పత్రములు సవ్యముగ నున్నవనెను, ధరయు నా శక్తికి లోబడియే యుండెను. ఆ ప్రక్కన గొఱ్ఱెలు కాయుచున్న యొక వృద్ధుడు మమ్ము కొంతసేపు చూచి, మధ్యవర్తి ఫోనులో మాటాడుచుండగా నా దగ్గఱకు వచ్చి, "గిది శిఖం భూమి సారూ. గిప్పుడు నీళ్ళు లేవు గని, వచ్చిన్నాడు దాని జాగ అది అడుగుతది" అనెను. చెరువు నిండినపుడు మునుగు నేలను అచ్చట శిఖమందురు. నేను చూచిన పత్రములలో ఆ మాట ఎక్కడను లేదు. నేను కొనలేదు. కాని మఱునాటికి దానిని వేఱొకరు కొనియుందురను మాట నన్నింకను బాధించుచున్నది.

ఆ వృద్ధుడు చెప్పినదే మన పట్టికలో లోపించిన మూడవ గడి. వానను కొలుచు కార్యాలయము, నీటిమట్టమును వ్రాయు కార్యాలయము, భూమిని నమోదుచేయు కార్యాలయము వేఱు వేఱుగా నున్నంతకాలము, ప్రతి వరదయు మనకు ఆకస్మికముగనే తోచును. విశ్వేశ్వరయ్యగారు 1909లోనే వానను, వరదను, తెగిన చెరువులను ఒక్క నివేదికలో చేర్చిరి. ఆ పద్ధతిని నిత్యకృత్యముగా చేసికొనుట మన వంతు. పరీవాహకములో ప్రతి చెరువునకు శిఖము, అలుగు, వరదకాలువ గుర్తింపబడి, స్థలము కొనువాని చేతికి వచ్చు పత్రముననే కనబడినచో, అది ఎంతటి గొప్ప ఆనకట్టకును తీసిపోని రక్షణ యగును.

ఉస్మానియా ఆసుపత్రి తోటకు పోయినవారు ఆ చింతచెట్టును చూచి రావలెను. నాడు నూట ఏబదిమందిని మోసిన ఆ కొమ్మల యెత్తును ఒకమాఱు తలయెత్తి చూచినవారికి, ఎండిన వాగు ఎంతవఱకు లేవగలదో వేఱొకరు చెప్పనక్కఱలేదు.