పట్టుపురుగు కణంలో నోరు మూతపడ్డ వైరస్

పోచంపల్లి, పుట్టపాక చిటికి పని మీద, గద్వాల, నారాయణపేట అంచుల మీద ఎంతో రాసుకున్నాం. ఆ దారం పోసే పురుగు మీద రాసింది తక్కువే. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు మగ్గాలకు పట్టు ఏ ఊరి నుంచి వచ్చినా, ముందు ఎవరో ఒక రైతు షెడ్డులో పురుగు బతికి గూడు కట్టాలి. దాన్ని బతికించడానికి హైదరాబాద్‌లో సాగిన కృషి కూడా మన పట్టు చరిత్రే.

రైతును నిలువునా ముంచే జబ్బు గ్రాసరీ. సోకిన పురుగు ఒళ్లు ఉబ్బి నిగనిగలాడుతుంది. మేత మాని తట్ట అంచుల వెంట తిరుగుతుంది. చివరికి చర్మం చిట్లి పాలలాంటి ద్రవం కారుతుంది. అది అంటిన ఆకు తిన్న పురుగుకూ అదే గతి. కారణం ఎన్‌పీవీ అనే వైరస్. ప్రపంచవ్యాప్తంగా పట్టుగూళ్ల పంట నష్టంలో సగానికి పైగా దీని పుణ్యమేనని శాస్త్రవేత్తల లెక్క. సోకాక మందు లేదు.

దారి చూపింది ఒక నులిపురుగు. దాని ఒంట్లోకి రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను ఎక్కిస్తే, ఆ ఆర్‌ఎన్‌ఏతో సరిపోలే జన్యువు పనిచేయకుండా పోతుందని 1998లో ఆండ్రూ ఫైర్, క్రెగ్ మెలో చూపారు. 2006లో నోబెల్ అందుకున్నారు. కణంలోని డైసర్ ఎంజైమ్ ఆ ఆర్‌ఎన్‌ఏను 21, 22 అక్షరాల ముక్కలుగా తరుగుతుంది. ఆర్గొనాట్ ప్రొటీన్ అందులో ఒక పోగును ఆనవాలుగా పట్టుకుని, దానికి జతపడే సందేశ ఆర్‌ఎన్‌ఏను, అంటే జన్యువు ఆదేశాన్ని మోసే నకలును, వెతికి కోసేస్తుంది. జన్యువు ఉన్నచోటే ఉంటుంది, దాని ప్రొటీన్ మాత్రం తయారు కాదు.

హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం (సీడీఎఫ్‌డీ)లో జె. నాగరాజు బృందం ఈ కత్తినే వైరస్ మీదికి తిప్పింది. వైరస్ కణంలోకి రాగానే మొదట పనిలోకి దిగే జన్యువుల్లో ఐఈ-1 ఒకటి. మిగతా జన్యువులను లేపేది అదే. దాన్ని అణచితే పురుగుకు రక్షణ దొరుకుతుందని 2007లో తేల్చారు. ఒక్క జన్యువుతో ఆగలేదు. ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి నాలుగు వైరస్ జన్యువుల తునకలను, వాటి ఆర్‌ఎన్‌ఏ తనలో తానే మడతపడి రెండు పోగులయ్యేలా, పురుగు వారసత్వంలోనే చేర్చారు. ఆ గుణాన్ని మంచి దిగుబడినిచ్చే వాణిజ్య జాతిలోకీ తెచ్చారు. వైరస్ సోకించినప్పుడు మామూలు పురుగుల్లో 15 శాతం కూడా మిగల్లేదు. జన్యువులు చేర్చిన ఈ పురుగుల్లో 75 శాతానికి పైగా బతికాయి.

2013 జనవరి ‘జెనెటిక్స్’ సంచికలో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అంతకుముందే, 2012 డిసెంబర్ 31న నాగరాజు కన్నుమూశారు. ఆ వ్యాసంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన మాట ఇంకొకటుంది: ఈ పురుగుల నుంచి బయటపడ్డ వైరస్‌కు మళ్లీ సోకే శక్తి తగ్గింది. పక్క తట్టకు జబ్బు పాకుతుందేమోనని రాత్రిళ్లు షెడ్డులో కాపలా కాసే రైతుకు, తన పురుగు బతకడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.