రెండేళ్లను ఐదు చెయ్యమంటే

2009 జనవరి 7, బుధవారం. పొద్దున పదకొండు కావస్తోంది. మాదాపూర్‌లో సత్యం కంప్యూటర్స్ ఆఫీసులో నీ సీట్లో ఉన్నావు. పక్క క్యూబికల్‌లో ఒకతను కుర్చీ వెనక్కి తోసి లేస్తాడు. అవతల ఇంకొకరు. ఎవరి స్క్రీన్ చూసినా అదే ఉత్తరం. ఛైర్మన్ రామలింగరాజు రాసింది. లేని డబ్బును ఏళ్ల తరబడి లెక్కల్లో ఉన్నట్టు చూపించామని ఆయనే ఒప్పుకుంటున్నాడు. లెక్కల్లో తేడా మొత్తం 7,000 కోట్ల పైమాటే. చదువుతావు. నమ్మకం కుదరక మళ్లీ మొదటినుంచి చదువుతావు.

నిన్నటిదాకా మెడలో ఈ ఐడీ కార్డు చూసి ఇల్లు అద్దెకిచ్చారు, బ్యాంకులవాళ్లు వెంటపడి లోన్లిచ్చారు. సాయంత్రం మార్కెట్ మూసేసరికి 179 రూపాయల షేరు 40 దగ్గరుంది. నీలాంటి ఉద్యోగులు 53,000 మంది దాకా ఉన్నారు. క్యాంటీన్‌లో టీలు చల్లారిపోతున్నా ఎవరూ తాగరు. నెలాఖరుకి జీతం పడుతుందా? అందరి నోటా అదే.

ఫోన్ మోగుతుంది. ఒంగోలు నుంచి అమ్మ.

"టీవీ నిండా మీ కంపెనీయే నాయనా. అన్నం తిన్నావా? ప్రార్థన చేస్తా ఉండా, భయపడబాక."

రెండ్రోజులకి కేంద్రం పాత బోర్డును రద్దు చేస్తుంది. కొత్త బోర్డులోకి దీపక్ పరేఖ్, కిరణ్ కర్ణిక్, అచ్యుతన్ వస్తారు. జీతం పడుతుంది. ఏప్రిల్ 13న సత్యంను కొనే బిడ్ టెక్ మహీంద్రా గెలుస్తుంది. గండం గడిచిందనుకుంటావు.

ఆదివారం కొండాపూర్‌లో, మేడమీద అద్దె హాల్లో ఆరాధన అయ్యాక ఒక బ్రదర్ నీ చెయ్యి పట్టుకుంటాడు. "విశ్వాసంతో కానుక వెయ్యి బ్రదర్, దేవుడు రెట్టింపు ఇస్తాడు." తలూపుతావు గానీ ఆ మాట నీకు మింగుడుపడదు. పడకపోవడమే మంచిది. అది బేరం. గెత్సేమనే తోటలో తన శ్రమల గిన్నె తొలగించమని కుమారుడైన యేసే వేడుకున్నాడు. గిన్నె తొలగలేదు. అయినా తండ్రి చిత్తానికే తల వంచాడు. నువ్వు నమ్మినది ఆ యేసుని.

జూన్. మెయిల్ వస్తుంది. వేలమందిని వర్చువల్ పూల్‌లో పెడుతున్నారు. అందులో నీ పేరుంది. అంటే ఏమిటి? ఆఫీసుకి రానక్కర్లేదు. బేసిక్ ఇస్తారు. అదీ మహా అయితే ఆరు నెలలు. ఆలోగా ప్రాజెక్టు దొరికితే దొరికినట్టు.

గదికొచ్చి కాగితం మీద రాస్తావు. అద్దె. బైకు ఈఎంఐ. చెల్లి ఫీజు. కూడతావు. చాలదు. బైకు కొట్టేసి కూడతావు. అయినా చాలదు.

అమీర్‌పేట. ఇరుకు మెట్లు. మూడో అంతస్తులో ఒక కన్సల్టెన్సీ.

"ఎక్స్‌పీరియన్స్?"

"రెండేళ్లు."

"ఐదు వేద్దాం. లెటర్లు, పేస్లిప్పులు మేం ఇస్తాం. అందరూ పెడుతున్నదే భయ్యా."

వాళ్లు తయారుచేసిన రెజ్యూమే రాత్రి నీ లాప్‌టాప్‌లో తెరిచి ఉంది. ఎప్పుడూ పనిచేయని కంపెనీ పేరు. అక్కడ మూడేళ్లు. పొద్దున పదికల్లా పంపాలి. అరచేతులు చెమట పడుతున్నాయి. అమ్మకి ఫోన్ చేస్తావు. అంతా చెబుతావు. ఆమె వద్దనదు, సరే అనదు.

"వెల్లంపల్లి సంగతి మీ నాయనమ్మ చెప్పేది, గుర్తుందా?"

గుర్తుంది. ధాత కరువు. 1877. మీ ముత్తాతల నాటివాళ్లు మాదిగపల్లెల నుంచి బకింగ్‌హాం కాలువ తవ్వకానికి నడుస్తున్నారు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర అక్కడ కొంత పని కాంట్రాక్టుకి తీసుకున్నాడు. మట్టి తట్ట మోస్తే కూలి. కూలి ఉంటే గంజి. గుడారాల్లో కలరా. పొద్దున తట్ట ఎత్తినవాడు రాత్రికి లేడు. బాప్తిస్మం ఇవ్వమని అడుగుతారు. దొర ఇవ్వడు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదంటాడు. చివరికి సాయం డబ్బు అయిపోతుంది. ఇక ఇచ్చేదేమీ లేదు, ఇళ్లకు పొమ్మంటాడు.

వాళ్లు పోలేదు.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో దిగి బాప్తిస్మం పొందినవాళ్లు 2,222 మంది. ఒక్కరోజే. ఇద్దరేసి బోధకులు వంతులవారీగా నీళ్లలో నిలబడి ఇచ్చారు.

"ఏం దొరుకుద్దని దిగారు నాయనా వాళ్లు?" అంటుంది అమ్మ.

ఫోన్ పెట్టేస్తావు. గదిలో ఫ్యాన్ చప్పుడు. మోకరిస్తావు. మాటలు రావు. ఉద్యోగం ఇవ్వమని అడగాలనుకున్నావు. అడగవు. లేస్తావు. కర్సర్ ఆ మూడేళ్ల మీద పెడతావు. ఒక అబద్ధపు లెక్క వేలమంది కంచంలో ఏం చేసిందో నీకు తెలుసు.

డిలీట్.

రెండేళ్లు. ఉన్నవే. పంపుతావు.

మర్నాడు ఫోన్ రాదు. ఆ వారమూ రాదు. బైకు అమ్ముతావు. కొండాపూర్ గది ఖాళీ చేసి ముగ్గురున్న గదిలో నాలుగో మనిషివవుతావు. చెల్లి ఫీజుకి అమ్మ గాజులు తాకట్టుకెళ్తాయి. ఆమె నీకు చెప్పదు, చెల్లి చెబుతుంది. ఆ రాత్రి తట్టుకోలేవు. దేవుడితో పోట్లాడతావు. పోట్లాడు. కీర్తనలు రాసినవాళ్లూ ఆయనతో అలాగే మొరపెట్టుకున్నారు.

ఆదివారం హాల్లో వెనక వరసలో కూర్చుంటావు. నీ పక్కన ఇంకొకతను, మెడలో ఐడీ కార్డు లేదు, కళ్లెత్తడం లేదు. అతనికి రెట్టింపు దీవెనల మాట చెప్పొద్దు. ఈ నెల అద్దె కట్టాడో లేదో అడుగు. కట్టకపోతే, పాస్టరుగారితో మాట్లాడి సంఘం చేత కట్టించు.