మిణుగురు వెలుగులో మన సుబ్బారావు గారు

కణంలో కబురు అందిందో లేదో తెలిసేదెలా? శాస్త్రవేత్తలు కణాల్లో మిణుగురు పురుగు జన్యువు పెడతారు. కబురు అందితే లూసిఫరేజ్ అనే ఎంజైమ్ తయారవుతుంది. లూసిఫెరిన్ కలిపితే వెలుగొస్తుంది. మన బెంగళూరు ల్యాబుల్లోనూ ఈ పద్ధతి ఉంది.

దీని చరిత్ర వెతికితే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు కనిపించారు! 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఆయన ఏటీపీని కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నారు. ఏటీపీ లేకపోతే మిణుగురు వెలగదని 1947లో అమెరికాలో మెక్‌ఎల్రాయ్ తేల్చారు. ఆయనకు డబ్బులు తీసుకుని పురుగులు పట్టిచ్చింది బాల్టిమోర్ పిల్లలే! 1985కి ఆ జన్యువు విడిగా చేతికొచ్చింది.

మా సైన్సు పుస్తకంలో ఏటీపీ ఉంది, సుబ్బారావు గారి పేరు లేదు. పక్కన పెన్సిల్‌తో నేనే రాసుకున్నాను.