దుంగల గుడిసె గెలిపించిన అధ్యక్షుడు

ఫిబ్రవరి 12 అబ్రహాం లింకన్ జయంతి. 1809లో కెంటకీ రాష్ట్రం హోజెన్‌విల్ దగ్గర, మట్టి నేల మీద లేచిన ఒంటిగది దుంగల ఇంట్లో ఆయన పుట్టాడు. ఆ ఇల్లు ఆయన కీర్తిలో భాగమైంది. కానీ దుంగల గుడిసెకు అంత గౌరవం దక్కింది లింకన్ వల్ల కాదు.

1607లో జేమ్స్‌టౌన్‌లో దిగిన ఇంగ్లిషువాళ్లు ఇలాంటి ఇళ్లు కట్టుకోలేదు. 1638 నుంచి డెలావేర్ నది ఒడ్డున స్థిరపడిన స్వీడన్, ఫిన్లాండ్ వాళ్లు ఆ పనితనం తమ అడవుల నుంచి తెచ్చారు. దుంగల కొసలకు గాడి చెక్కి, ఒకదానిమీద ఒకటి కూర్చి, సందుల్లో మట్టి మెత్తితే గోడ సిద్ధం. మేకులతో పనిలేదు. తర్వాతి వలసదారులు ఆ విద్యను పడమటికి, ఆదివాసీ తెగల నేలల్లోకి మోసుకెళ్లారు. రెండు శతాబ్దాలు అది పేదవాడి తలదాపు మాత్రమే.

1839 డిసెంబరులో బాల్టిమోర్ పత్రిక ఒకటి విగ్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి విలియం హెన్రీ హారిసన్‌ను ఎగతాళి చేసింది. ఇంత పింఛను, ఒక పీపా పులిసిన యాపిల్ రసం ఇస్తే ముసలాయన దుంగల గుడిసెలో కాలక్షేపం చేస్తాడంది. విగ్‌లు ఆ తిట్టునే జెండాగా ఎత్తుకున్నారు. చక్రాల మీద గుడిసెలు ఊరేగాయి, పీపాలు దొర్లాయి. పాత్రికేయుడు హొరేస్ గ్రీలీ 'లాగ్ కేబిన్' పేరుతో ఏకంగా ఓ పత్రికే నడిపాడు. నిజానికి హారిసన్ వర్జీనియా జమీందారీ భవనంలో పుట్టినవాడు. దొరగా ముద్రపడిన ప్రత్యర్థి వాన్ బ్యూరెనే పూటకూళ్ల ఇంటి యజమాని కొడుకు!

1840 ఎన్నికల ప్రచారంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట విగ్ నాయకుడు డానియల్ వెబ్‌స్టర్‌ది. తాను గుడిసెలో పుట్టలేదు గానీ అన్నలూ అక్కలూ పుట్టారని, ఏటా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి పెద్దల కష్టం చెబుతానని సారటోగా సభలో అన్నాడు. రాజకీయం ఉన్నా, ఆ మాటలో కన్నవారి పట్ల భక్తి ఉంది.

ఓటుహక్కున్నవారిలో దాదాపు 80 శాతం మంది ఓటేశారు. ఎలక్టోరల్ ఓట్లు హారిసన్‌కు 234, వాన్ బ్యూరెన్‌కు 60. గెలిచిన హారిసన్ పదవి చేపట్టిన నెలకే, 1841 ఏప్రిల్ 4న కన్నుమూశాడు.

గుడిసె మాత్రం నిలిచింది. తర్వాత పిల్లల ఆటబొమ్మైంది, నాణెం మీదికెక్కింది. హోజెన్‌విల్‌లో 56 మెట్ల పాలరాతి మందిరంలో, లింకన్ పుట్టిన ఇల్లుగా చెప్పుకొచ్చిన ఒక గుడిసె ఉంది. 2004లో దాని దుంగల వలయాలు పరీక్షిస్తే అన్నిటికన్నా పాతది 1848 నాటిదని తేలింది. ఇప్పుడు దాన్ని ప్రతీకగానే చూపుతున్నారు. అదే సరైన పని.